కోటకొమ్మ ఎర్రచీర

“ఆటో నడిపే సదువుకు ఆడపిల్ల ఎందుకే?” అని తిరుపతయ్య మగ్గం గుంటలోంచే అరిచాడు.

“ఆటో కాదు నాయినా, ఆప్టోమెట్రీ! కండ్లు పరీక్ష చేసే సదువు,” అంది మానస. పొద్దున్నుంచి చెప్పి చెప్పి ఆ పిల్ల గొంతు పోయింది. పట్నం కాలేజీలో సీటు వచ్చింది. చేరడానికి రేపే ఆఖరు రోజు.

“అయితే డాక్టరమ్మవు అయితవా?”

“కాను.”

“అద్దాల దుకాణం పెడ్తవా?”

“పెట్టను.”

“మరేంది? అటూ గాదు, ఇటూ గాదు! ఇంటి పక్కన డిగ్రీ కాలేజీ ఉండంగ, పట్నం పోయి నాలుగేండ్లు మంది కండ్లల్ల లైటు కొట్టుకుంట కూసుంటదంట. నా కండ్లు సూడు. పట్టుపోగు తెగితే అద్దాల్లేకుండ అతుకుత. ఆ సదువు సదివినోళ్లను నా కండ్లల్ల ఒక్క లోపం పట్టమను, నేనే నిన్ను తోల్కపోయి కాలేజీల చేర్పిస్త. పట్టకుంటే మాత్రం నోరు మూసుకొని ఈడనే డిగ్రీల చేరాలె.”

“మాట మీద నిలబడ్తవా?”

“మగ్గం మీద ఒట్టు!”

మానస దిక్కుతోచక తల్లి వైపు చూసింది. కండెలకు పట్టు చుడుతున్న జములమ్మ లేచి లోపలికి పోయింది. తిరిగి వచ్చేసరికి ఒంటి మీద, గోపురాలు బారు తీరినట్టుండే కోటకొమ్మ అంచు ఎర్రచీర ఉంది.

తిరుపతయ్య కోపమంతా ఎటు పోయిందో, ముఖం విచ్చుకుంది. ఎప్పుడూ ఏ కండె తర్వాత ఏ కండె కావాలో చూసి చేతికందించేది జములమ్మే. కానీ మానస కడుపులో ఉండగా ఆమె గోపాల్‌పేటలోని పుట్టింటికి పోతే, ఎవ్వరికీ చెప్పకుండా, పోగు పోగూ తనే ఎంచుకుని, ఒక్కడే కూర్చుని నేసిన చీర ఇది. అంత ముచ్చటపడి నేస్తే ఏం లాభం? ఈ మహాతల్లి దిష్టి తగులుతుందంటూ పెట్టె అడుగున దాచింది. ఇన్నేళ్లలో దాన్ని కట్టుకుని గడప దాటింది లేదు.

“అబ్బో! పండు మిరపకాయ తీరు ఉన్నవు గదనే! ఇయ్యాల ఏం పండుగ?” అన్నాడు.

మానస ఏదో అనబోయింది. జములమ్మ కంటితోనే ఆపింది.

“నా కండ్లు గూడ జర మసక మసకగున్నయి. పాండ్రి, నేనూ సూపిచ్చుకుంట,” అంది.

పాత బస్టాండు సందులో కంటి దవాఖాన. ఆప్టోమెట్రిస్టు పేరు వనజ. జములమ్మను బయట బల్ల మీద కూర్చోమని, తండ్రీకూతుళ్లను లోపలికి పిలిచింది. తిరుపతయ్య కుర్చీలో పెండ్లికొడుకులా కూర్చున్నాడు.

“నువ్వు డాక్టర్‌వు కాదంట. మరి ఏం జేస్తవమ్మా?”

“ఆపరేషన్లు డాక్టర్ చేస్తడన్నా. సూపు ఎంత ఆనుతున్నది, ఏ అద్దం కావాలె, లోపల రోగమేమన్న మొదలైందా, ఇవన్నీ ముందుగాల సూసేది నేను. మొన్న అలంపూర్ నుంచి ఒకాయన పేపర్ సదివే అద్దాలకని వచ్చిండు. సూస్తే షుగరు కంటి నరాలను తింటున్నది. ఎంబడే డాక్టర్ దగ్గరికి తోలిన. సూపు దక్కింది.”

“ఆయన సంగతి ఇడిసిపెట్టు. నాకు లోపం పట్టు, సూద్దాం!”

వనజ అక్షరాల అట్ట చూపించింది. తిరుపతయ్య ఆఖరి వరుస దాకా గడగడా చదివి, అడుగున అచ్చేసిన ప్రెస్సు పేరు కూడా చదివేశాడు. కంట్లోకి లైటు వేసి చూసింది. దగ్గర చూపు, దూరపు చూపు అన్నీ చూసింది.

“ఏం లేదన్నా. బంగారమసొంటి కండ్లు.”

తిరుపతయ్య మీసం దువ్వాడు. మానస ముఖం వాడిపోయింది. పాపం, పట్నం బస్సు ఎక్కకుండానే దిగిపోయినట్టయింది ఆ పిల్లకు.

“ఇంకొక్కటి మిగిలింది,” అంటూ వనజ ఒక పుస్తకం తెరిచింది. పేజీ నిండా రంగురంగుల చుక్కలు. “ఇందుల ఏం అంకె ఉంది?”

“అంకె ఏడిది? రాగులు ఎండబోసినట్టున్నది.”

ఇంకో పేజీ తిప్పింది. “ఇందుల?”

“ఇవీ రాగులే.”

“ఏడు గద నాయినా! గంత పెద్దగుంది!” అంది వెనక నుంచి మానస.

వనజ పుస్తకం మూసింది. “ఎరుపు, ఆకుపచ్చ రెండూ మీకు ఒక్కతీరుగనే ఆనుతున్నయన్నా. పుట్టుకతోటి వచ్చేదే, భయమేం లేదు.”

తిరుపతయ్య పగలబడి నవ్వాడు. “రంగులా? నాకా? గద్వాల నేతగానికి రంగులు తెల్వయంటవా? నా పెండ్లానికి నా చేతులతోటి ఎర్రచీర నేసిన తల్లీ! నీ పుస్తకమే అచ్చు ఖరాబైంది, మార్చుకో పో!”

వనజ ఏం చెప్పబోయినా వినకుండా, కూతురి చెయ్యి పట్టుకుని తెర తోసుకుని బయటపడ్డాడు. “గెలిచిన జములమ్మా! లోపం లేదు, గీపం లేదు. డిగ్రీ కాలేజీకి పాండ్రి!”

వెనకే వనజ గుమ్మంలోకి వచ్చింది. “ఆకుపచ్చ చీర కట్టుకున్నమ్మా! ఇగ మీరు రాండ్రి!”

తిరుపతయ్య ఆగి చుట్టూ చూశాడు. బల్ల మీద కంటికి పట్టీ కట్టుకున్న ముసలాయన ఉన్నాడు, పక్కన జములమ్మ ఉంది. ఆకుపచ్చ చీర ఎక్కడా కనిపించలేదు. వీధి గుమ్మం దాకా పోయి చూసి వచ్చాడు. అక్కడా ఎవరూ లేరు.

“ఎవర్ని పిలుస్తున్నదే ఈమె?”

“నన్నే. నువ్వు పోయి పట్నం బస్సు ఎప్పుడుందో అడిగి రాపో,” అంటూ జములమ్మ ఎర్రచీర కొంగు సర్దుకుని లేచింది.