మూడో తాళంచెవి

తాళాలు బాగుచేసే ఆయన రంపం ఆనించేసరికి తాళం మీద బుడ్డి అరచేయి అడ్డం పెట్టింది.

"చెయ్యి తియ్యి తల్లీ, తెగుద్ది."

"తెగనీ."

హాస్టల్ వరండాలో పిల్లలంతా ఇనప్పెట్టె చుట్టూ కూర్చున్నారు. అమ్మానాన్నలు లేని పిల్లలు. కాగితం సంచులు అతికిస్తారు, వచ్చిన దాంట్లో కొంత పెట్టె మూతకున్న చీలికలోంచి లోపల వేస్తారు. పెట్టెకు మూడు తాళాలు, మూడు తాళంచెవులు ముగ్గురి దగ్గర. ముగ్గురూ వచ్చి తీస్తేనే పెట్టె తెరుచుకోవాలి. తాళంచెవి చేతులు మారాలంటే అందరి ముందూ మారాలి. ఇది పొదుపు మేడమ్ పెట్టిన పద్ధతి. ఇవాళ పంపకం.

గుండు తన తాళం తీశాడు. కళ్లజోడు అనే పిల్ల తన తాళం తీసింది. మూడోది బుడ్డి వాళ్లక్కది. పద్దెనిమిది నిండితే హాస్టల్లో ఉంచరు. అక్క బట్టల మిల్లులో చేరడానికి వెళ్లిపోయింది. తాళంచెవి ఏదని అడిగితే బుడ్డి ఒకటే మాట చెప్పింది, "అక్క దగ్గరే ఉండిపోయింది."

మేడమ్ మిల్లుకు ఫోన్ చేసింది. సెలవు అంటేనే కస్సుమనే సూపర్‌వైజరు, ఇంతమంది పిల్లల డబ్బు ఆగిపోయిందని విని ఒక్కరోజు వదిలాడు. అక్క కూడా, "అవును మేడమ్, నా దగ్గరే ఉంది, పొద్దుటి బస్సుకి తెస్తా" అంది.

పొద్దుటి బస్సు ఇంకా రాలేదు. ఎండ వరండా సగం వరకూ వచ్చింది.

"మీ అక్క మనకి టోపీ పెట్టిందే" అన్నాడు గుండు. "అవతల కొట్టు మూసేస్తాడు. నేను చూసుకున్న పానాల సెట్టు ఇంకెవడో ఎగరేసుకుపోతాడు. సైకిళ్లు పళ్లతో విప్పమంటావా?"

"అక్క వస్తానంది."

"అందరూ అంటారు."

మేడమ్ బుడ్డి పక్కన కూర్చుంది. "చూడమ్మా, వీళ్లకి ఇవాళ ఇస్తానని మాటిచ్చాను. కొత్త తాళం కొందాం. అక్క వాటా ఎక్కడికీ పోదు, నేనే పంపిస్తాను. పాపం, తను ఇంత దూరం రానక్కర్లేదు."

"తాళం కోసేస్తే ఇంక అక్కకి ఇక్కడేం పని మేడమ్?"

గుండు గొణిగాడు, "రావడానికి నీకో మనిషైనా ఉంది."

తాళాలాయన రంపం కింద పెట్టాడు. "టీ చుక్క ఉంటే ఇప్పించండి మేడమ్. అది పడందే నాకు చెయ్యి ఆడదు."

టీ వచ్చింది. ఊదుకుంటూ తాగాడు. ఆవిరి పోయాక కూడా ఊదాడు.

"చల్లారిపోయింది బాబాయ్" అన్నాడు గుండు.

"నోరు కాలితే ఎవడు కోస్తాడ్రా తాళం?"

"నోటితో కోస్తావా ఏంటి?"

పిల్లలు నవ్వారు. బుడ్డి గేటు వైపు చూస్తోంది. గ్లాసు ఖాళీ అయింది. తాళాలాయన కూడా ఒకసారి గేటు వైపు చూసి రంపం తీసుకున్నాడు. కళ్లజోడు బుడ్డిని రెక్క పట్టుకుని పక్కకు లాగింది. రంపం రెండుసార్లు ఆడింది. ఇనప పొడి రాలింది.

"ఆగండి!"

గేటు దగ్గర అక్క. తెగిన చెప్పు చేతిలో ఉంది. "బస్సు దారిలో ఆగిపోయింది మేడమ్. నడిచొచ్చా."

బుడ్డి పరుగెత్తి నడుం చుట్టేసింది.

"ముద్దులు తర్వాత అక్కా, ముందు తాళంచెవి" అన్నాడు గుండు.

"ఉండరా. ఈ జడేంటే, పిచ్చుక గూడులా? ఎవరూ దువ్వట్లేదా?"

"ముట్టుకోనిస్తే కదా" అంది కళ్లజోడు. "దువ్వెన చూస్తే పరుగు. రిబ్బను మీద చెయ్యి పడితే కరుస్తుంది."

అక్క మెట్టు మీద కూర్చుని రిబ్బను విప్పింది. వేళ్లతో చిక్కు తీసి, మళ్లీ అల్లి ముడివేసింది. తర్వాత లేచి పెట్టె దగ్గరకు వెళ్లింది. తాళంచెవి తిప్పింది. తాళం ఊడింది.

పంపకం అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. అక్క తన వాటా తీసుకుని, తాళంచెవిని అందరి ముందూ మేడమ్ చేతిలో పెట్టింది. తాళాలాయన తాళానికి పడ్డ గీతను వేలితో తుడిచి, "పనిచేస్తుందిలే" అని డబ్బులు అడక్కుండా వెళ్లిపోయాడు. పిల్లలు కొట్లకు పరుగెత్తారు. గుండు ఒక్కడూ కదల్లేదు.

అక్కాచెల్లెళ్లు గేటు దాటుతుంటే వెనకే వెళ్లాడు.

"అక్కా, నేను చూశా. తాళంచెవి నువ్వు తేలేదు. దీని జడలోంచి తీశావు."

బుడ్డి అక్క వెనక్కి వెళ్లింది.

"మేడమ్‌కి ఇమ్మని వెళ్లేనాడు నేనే రిబ్బన్లో కట్టానురా" అంది అక్క. "ఇది ఇవ్వలేదు. ఫోన్ వచ్చాక తెలిసింది. నా దగ్గర లేదని చెబితే నాకు సెలవెక్కడిది?"

"మేడమ్‌కి చెప్తావా?" అంది బుడ్డి.

గుండు గేటు వైపు ఒకసారి చూసుకున్నాడు. జేబులోంచి తన తాళంచెవి తీసి అక్క చేతిలో పెట్టి, వేళ్లు మూశాడు.

"వచ్చే పంపకానికి నాది నీ దగ్గర ఉండిపోయిందని చెప్తా."