ఇసుక ఎవరిది

మంజీర ఏరు తన చెరుకు తోటను కోసుకపోతుంటే రాజలింగు ఒడ్డు నుంచి నీళ్లలోకి రాళ్లకట్ట వేసిండు. వానలు వెళ్లేసరికి కట్ట ఎగువన ఇసుక మేట వేసింది. దిగువన పొరుగు రైతు హన్మవ్వ చేను సగం కోసుకుపోయి ఏటిపాలైంది.

ఆమె గొడవకు రాలేదు. గింజల మూటతో వచ్చి ఆ ఇసుకలో గుంతలు తీయసాగింది.

"గిదేంది హన్మక్కా, నా ఒడ్డుల పుచ్చగింజలు పెడుతున్నవ్?"

"ఒడ్డు నీదే తమ్మీ. ఇసుక నాది. నా దిక్కు వచ్చేదాన్ని నీ కట్ట ఆపింది."

తీగలు పాకినంక, రాజలింగు ఇక మనసు ఒప్పక గడ్డపార పట్టుకొని ఏటికి పోయిండు.

"కట్ట పీకేస్తున్న అక్కా. నీ ఇసుక నీ దిక్కే పోతది."

హన్మవ్వ తీగల నడుమ నుంచి గబగబా లేచింది.

"ఆగు తమ్మీ. పిందెలు పడ్డయి. కాయ పండేదాంక కట్టను కదపకు."