చెప్పు

"చెప్పు," అంది కెరటాల అంచున గవ్వలేరుతున్న భార్య, వెనక్కి తిరగకుండానే.

డేరా మేకు దిగగొడుతున్న భర్త చెయ్యి గాల్లో ఆగింది. పెళ్లయ్యాక ఆమె నోట 'అండీ' లేని మాట అతనెప్పుడూ వినలేదు. అయితే తెలిసిపోయిందన్నమాట!

పాప పోయిన ఏడాదికి తీరం వెంట కారులో బయల్దేరారు. ఆరు రోజుల ప్రయాణంలో అతను చెప్పలేకపోయినది ఇప్పుడు బయటపడింది.

"పాప చెయ్యి విడిపించుకుని పరుగెత్తిందన్నది అబద్ధం. ఫోనొస్తే నేనే వదిలేశాను. చూసేసరికి సముద్రం లాగేసింది."

ఆమె తిరిగింది. చేతిలో ఇసుక నిండిన చిన్నపిల్ల చెప్పు.

"చెప్పు దొరికిందంటున్నానండీ. అచ్చం మన పాపదిలాగే ఉంటేనూ..."

అతని మాటలు అప్పుడు ఆమె తలకెక్కాయి. చెప్పులోని ఇసుకను మెల్లగా వంపేసింది.

"ఎంతసేపు వదిలేశావ్?" అడిగింది.