చప్పుడు లేని నీళ్లు

ఊరి నీళ్లలోంచి పురుగుమందుల విషం తీసేసే కొత్త బొగ్గు ట్యాంకు ఆ రాత్రే మొదలైంది. ఊరికి వదిలేముందు లోటాడు నీళ్లు తాగి చూడటం ఆపరేటర్ వెంకటనర్సు అలవాటు. నల్లా తిప్పితే లోటా నిండింది గానీ, నీళ్లు పడ్డ చప్పుడే లేదు.

హాలియా టౌనులో ఉన్న ఇంజనీరుకు విసుగ్గా ఫోన్ చేశాడు.

"సారూ, నీళ్లకు సప్పుడు లేదు!"

"నీళ్లేమన్న పాట పాడాల్నా? రిపోర్టు మంచిగొచ్చింది. తాగి చెప్పరాదయ్యా, నా ఫోన్లకెల్లే వాల్వు తెరుస్త."

తిట్టుకుంటూ తాగాడు. గుటక కూడా వినపడలేదు. "ఇడవకుండ్రి సారూ!" అని అరిచాడు. నోరు కదిలింది, గొంతు రాలేదు.

"పలుకవేందయ్యా? నువ్వు లొల్లి చేస్తలేవంటే అంత మంచిగున్నట్టే. ఇడుస్తున్న."

ఊరికి పోయే పెద్ద పైపు చప్పుడు లేకుండా వణికింది. ఇంట్లో భార్య మంజుల నల్లా కింద బిందె పెట్టే ఉంటుంది.