నాన్న పోలిక

శుక్రవారం ప్రార్థన కూడిక అయ్యాక, కువైట్‌లోని ఫర్వానియా గదిలో అందరం బిర్యానీ పొట్లాలు విప్పుతున్నాం. రూబీ అక్క ఫోను పైకెత్తింది.

“ఇదిగో, మన జిల్లా గ్రూపులో పెట్టారు. ఆడపిల్లల్ని పాడుచేసి జైలుకెళ్ళొచ్చినోళ్ళ లిస్టంట, ఫొటోలతో సహా! మీ ఊళ్ళకి పంపండమ్మా, పిల్లల్ని జాగ్రత్తగా చూసుకుంటారు.”

ఒక్కో పేరే చదువుతూ నాలుగో పేరు దగ్గర ఆగింది.

“గంధం నతానియేల్. సొంత కూతుర్నంట, దుర్మార్గుడు! నిస్సీ, మీ ఇంటిపేరూ గంధమే కదా? చుట్టాలేమైనా అవుతారా?”

“మా ఊళ్ళో సగం మంది గంధమోళ్ళే అక్కా” అన్నాను.

“పిల్ల పేరు రాయలేదు. గుట్టుగా ఉంచారు, మంచోళ్ళు. మనకి తెలీకపోతేనేం, దేవుడికి తెలుసు. ఆ బిడ్డ కోసం ప్రార్థన చేద్దాం రండి.”

పొట్లాలు పక్కనపెట్టి అందరం మోకరించాం. రూబీ అక్క వెక్కివెక్కి ఏడుస్తూ ప్రార్థించింది. నేను ఇళ్ళల్లో పనికని కువైట్ వచ్చి ఆరేళ్ళయింది. నా కోసం అంతగా ఏడ్చినవాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు.

ఆమెన్ అని కళ్ళు తెరిచాను. రూబీ అక్క ఫోనులోని ఫొటోనీ నా ముఖాన్నీ మార్చి మార్చి చూస్తోంది. పక్కనున్నవాళ్ళు కూడా ఒక్కొక్కరే ఫోను మీదికి వంగుతున్నారు.

“మా మామా తొందరగా రమ్మంది” అని యజమానురాలి మీద పెట్టి, తినకుండానే పొట్లం మూసేసి, పనిచేసే ఇల్లుండే సల్వాకి బస్సు కోసం బయల్దేరాను. ఎవరూ ఉండమనలేదు.

ఆడపిల్లకి తండ్రి పోలిక వస్తే అదృష్టమని మా అమ్మ మురిసిపోయేది.