శ్రుతి తప్పిన పది పాటలు

"ఆపు! ఆపెయ్ ఆ దరిద్రాన్ని!"

మునకత అరుపుకు భార్య ఫుమి చేతిలోని టీ కప్పు తొణికింది. ఆమె గబగబా వెళ్లి ప్లేయరు మీట నొక్కింది. నాలుగో పాట మధ్యలోనే ఆగిపోయింది.

"నాలుగు విన్నాను. చాలు. చెవుల్లో సీసం పోసినట్టుంది."

ఎదురుగా చాప మీద మోకాళ్లు మడిచి కూర్చున్న చిసాతో అనే యువతి తల వంచుకుంది. పియానోలు శ్రుతి చెయ్యడం పదకొండేళ్లుగా ఆయన దగ్గరే నేర్చుకున్న శిష్యురాలు. పియానోలు తయారయ్యే హమామత్సు ఊళ్లో మునకత చెవికున్న పేరు అంతా ఇంతా కాదు. ఆ పేరు అద్దిన నీలిరంగు నోరెన్ తెర ఇద్దరి మధ్యా మడతపెట్టి ఉంది. గురువు చేతుల మీదుగా దాన్ని అందుకుని, రేపు తన కొత్త దుకాణం గుమ్మానికి కట్టుకోవాలి ఆమె. ఆ తెర లేని మనిషిని ఈ ఊళ్లో ఏ సంగీతశాలవాళ్లూ గడప తొక్కనివ్వరు.

ఆ పాటలు మిహారు ఒగినో అనే అమ్మాయివి. తనే రాసి, తనే బాణీ కట్టి, తనే పియానో వాయిస్తూ పాడుకుంటుంది. 'మధ్యాహ్నం వంటగది' అని పది పాటల ఆల్బం తెచ్చింది. ఒక్క పియానో, ఒక్క గొంతు. అన్నీ మెల్లగా నడిచే పాటలే. దేశమంతా పడి చస్తోందట. దేశానికేం, వేరే పని లేక!

"ఇవి పాటలా? అన్నం ఉడికింది, కిటికీలో పిల్లి పడుకుంది, వాడు వెళ్లిపోయాడు... ఇదీ కవిత్వం! ఆ గొంతు చూస్తే నిద్రలో కలవరిస్తున్నట్టుంది. సర్లే, అది దాని ఖర్మ. పియానో సంగతేంటి? ఎవరు శ్రుతి చేశారు దాన్ని?"

"నేనేనండీ, గురువుగారూ."

"నువ్వు చెప్పక్కర్లేదు. ఇక్కడ అచ్చేసి ఏడ్చారుగా!" ఆల్బం అట్టను వేలితో పొడిచాడు. "శ్రుతి: చిసాతో, మునకత శ్రుతిశాల. నా పేరెందుకమ్మా ఇందులో? ఒక్క మెట్టు సరిగ్గా పలికితే ఒట్టు! పై స్వరాలైతే పగిలిన గిన్నెలు తోముతున్నట్టున్నాయి."

"నాకు బాగానే వినబడిందండీ," అంది ఫుమి నెమ్మదిగా.

"నీకు కెటిల్ కూత కూడా సంగీతమే."

ఫుమి చిసాతో వైపు చూసింది. "చెప్పెయ్యనా అమ్మా?"

"వద్దండీ అమ్మగారూ," అంది చిసాతో వెంటనే.

మునకత కళ్లు చికిలించాడు. ఇద్దరూ కలిసి ఏదో దాస్తున్నారు. ఇంకేముంటుంది, ఈ శిష్యురాలు పని ఎగ్గొట్టి ఉంటుంది. ఫిబ్రవరిలో జ్వరమొచ్చి మూడు వారాలు మంచం పట్టాడు తను. ఆ నీరసం తీరక అప్పటినుంచి పనులన్నీ ఈవిడగారి మీదే వదిలేశాడు. అడిగేవాడు లేకపోతే ఇంతే మరి.

బయట టోఫు బండివాడు బూర ఊదుకుంటూ పోయాడు.

"అదిగో, వాడొకడు! ఊదేది రెండే రెండు స్వరాలు. ఆ రెండూ తగలేశాడు."

అంతలో ఊరి మైకుల్లో సాయంత్రం అయిదింటి పాట మొదలైంది. మునకత అసహ్యంగా మొహం తిప్పుకున్నాడు. "పియానోల ఊరట పియానోల ఊరు! ఎవడికీ చెవి లేదు, సిగ్గూ లేదు. ఆ గుంపులో నువ్వూ చేరావు."

తెరను తన వైపు లాక్కున్నాడు. "దీన్ని చింపి గచ్చయినా తుడుచుకుంటాను కానీ, నీ గుమ్మానికి కట్టనివ్వను."

చిసాతో కళ్లలో నీళ్లు తిరిగాయి. మొదటి మూడేళ్లు పియానో తీగ కూడా ముట్టుకోనివ్వలేదు ఆయన. దుమ్ము తుడిచింది, పెట్టెలు మోసింది. అన్నీ ఈ ఒక్క తెర కోసమే. చెయ్యి కాస్త ముందుకు చాచి, మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

"సరేనండీ. తప్పు నాదే. వేరే ఊరు పోయి ఏదో పని చూసుకుంటాను."

"అంత సులువుగా వదుల్తానా? ఎంత తప్పో నీ చెవులతో నువ్వే వినాలి."

లేచి గోడ అలమర దగ్గరికి నడిచాడు. పై అరలోంచి చిన్న చెక్కపెట్టె దించాడు. చిసాతో మొహం పాలిపోయింది.

"గురువుగారూ, అది తియ్యకండి!" నుదురు చాపకు ఆన్చేసింది. "నాకు తెర వద్దు. మీ పేరు కూడా ఎక్కడా చెప్పుకోను. అది మాత్రం తియ్యకండి."

"భయమేస్తోందా?" మునకత నవ్వాడు. "వెయ్యాలి మరి! మనుషులు అబద్ధమాడతారు, పియానోలు అబద్ధమాడతాయి. ఇది ఆడదు. మా గురువుగారిచ్చి యాభై రెండేళ్లయింది. దీని స్వరం వెంట్రుకవాసి కూడా మారలేదు. నిద్రలో లేపి అడిగినా పలుకుతాను నేను. ఫుమీ, ఆ పాట మళ్లీ పెట్టు. దీన్నీ దాన్నీ పక్కపక్కన పెట్టి వినిపిస్తాను ఈ మహాతల్లికి."

ఫుమి కదల్లేదు. ఏప్రన్ అంచుతో కళ్లు ఒత్తుకుంది. "ఏవండీ, మీకు దణ్ణం పెడతాను. అమ్మాయి తప్పు ఒప్పుకుంది కదా, ఇక వదిలెయ్యండి."

"ఓహో, నువ్వూ ఆవిడ పార్టీయేనా? చూద్దువుగాని ఉండు."

ఫిబ్రవరి తర్వాత ఆ పెట్టె మూత తియ్యడం ఇదే మొదలు. లోపల పట్టుగుడ్డలో చుట్టి, రెండు కొమ్ముల ఉక్కు శ్రుతిదండం భద్రంగా ఉంది. మునకత దాన్ని మోకాలి మీద టక్కుమని కొట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. చిసాతో కళ్లు మూసుకుంది.

శ్రుతిదండం కూడా శ్రుతి తప్పి పలికింది.