పవర్ స్టీరింగ్

"పాత స్టీరింగే మళ్లీ పెట్టేయండి," అన్నాడు ఓవర్సీయరు, డ్రైవరు సీట్లోంచి కదలకుండానే.

తను విన్నది నిజమేనా అన్నట్టు మెకానిక్ కారు కిటికీలోకి వంగి చూశాడు. నలభై ఏళ్లనాటి ఆ కారు మీద ఇరవై రోజులు ఒళ్లొంచి పనిచేశాడతను. అడుగున తుప్పు పట్టిన కమాన్ కట్టలు పీకి కాయిల్ స్ప్రింగులు, కొత్త షాక్ అబ్జార్బర్లు వేశాడు. రెండు చేతులా లాగితేగానీ తిరగని స్టీరింగు తీసేసి, వేలితో తిరిగే పవర్ స్టీరింగ్ బిగించాడు. బండి తీసుకెళ్లి నాలుగు రోజులు కాలేదు, అప్పుడే మళ్లీ షెడ్డు ముందుకొచ్చి నిలబడింది.

ఇదంతా అడిగి చేయించుకున్నది పక్క సీట్లో కూర్చున్న ఆయన భార్యే. ఆమె వెన్నుపూసకు ఆపరేషన్ అయింది. వారానికి మూడుసార్లు ఆసుపత్రికి వెళ్లాలి. పాత బండి ప్రతి గతుకుకీ ఆమె ప్రాణం తోడేసేది. మొదటిసారి వచ్చినప్పుడు కారు దిగి షెడ్డులోకి పది అడుగులు వేయడానికి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని అయిదు నిమిషాలు నడిచారు. భార్యను అంత జాగ్రత్తగా నడిపించే మగాణ్ని ఎక్కడా చూడలేదని మెకానిక్ ఆ రోజు ఇంటికెళ్లి పెళ్లాంతో అన్నాడు, అని చివాట్లు తిన్నాడు.

ఆమె మాత్రం సామాన్యురాలు కాదు. బండి గేటు దాటి షెడ్డు ముందుకు వస్తున్నంతసేపూ కుడి అనీ ఎడమ అనీ మొగుడికి చెబుతూనే ఉండేది. ఆయన నోరెత్తకుండా చెప్పింది చెప్పినట్టు తిప్పేవాడు. ఆ కారుకు పవర్ స్టీరింగ్ నేను కొత్తగా పెట్టేదేముంది, పక్క సీట్లో ఎప్పట్నుంచో ఉందిగా అని టైర్లషాపు అతనితో చెప్పి మెకానిక్ పడీపడీ నవ్వాడు. వెన్ను అంత బాధపెడుతుంటే వెనక సీట్లో పడుకుని వెళ్లకూడదా అని అడిగితే, వీల్లేదు, నేను ముందే కూర్చోవాలి అంది. పోనీ టాక్సీ మాట్లాడుకోమంటే, భర్తకు వినపడకుండా గొంతు తగ్గించింది.

"ఒకసారి బండి మాన్పించి చూశాను బాబూ. రెండు నెలలు గోడవైపు తిరిగి పడుకున్నారు. అన్నం కూడా బతిమాలి తినిపించాల్సి వచ్చింది."

పాత బండ్ల పిచ్చి ఉన్నవాళ్లు మెకానిక్‌కు కొత్త కాదు. పాత హారన్ మార్చానని వారం రోజులు మాట్లాడటం మానేసిన డాక్టరుగారున్నారు. ఇది కూడా ఆ బాపతే అనుకున్నాడు.

"కొత్త స్టీరింగు బరువుగా ఉందా సార్?"

"లేదు. వేలితో తిరుగుతోంది."

"మరింకేం?"

"రోడ్డు చేతికి తెలియడం లేదు."

ఆ ఊళ్లో సగం రోడ్లు ఆయన ఎండలో నిలబడి వేయించినవే. ఎక్కడ తారు అయిపోయి సిమెంటు మొదలవుతుందో, ఏ మలుపులో అంచు కోసుకుపోయిందో పాత స్టీరింగు అరచేతికి చెప్పేదట. ఇప్పుడు పరుపు మీద కూర్చున్నట్టుంది, గుంతలో పడ్డా తెలియడం లేదు అన్నాడు. ఆ మాటలంటూనే స్టీరింగును ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పి చూపించాడు. పెద్దమనిషి స్టీరింగు కోసం ఇంత బెంబేలెత్తిపోవడం ఏమిటో మెకానిక్‌కు అంతుపట్టలేదు. ముందు బంపరుకు ఎడమవైపు కొత్త సొట్ట కనిపించింది. తేలిగ్గా తిరుగుతోంది కదా, చెయ్యి ఎక్కువ తిప్పేసుంటారని సర్దిచెప్పుకున్నాడు.

"వారం పది రోజుల్లో అలవాటైపోతుంది సార్."

"రేపే ఆసుపత్రికి వెళ్లాలి."

ఇక నిజం చెప్పక తప్పలేదు. కొత్తవి కూర్చోవడానికి ఛాసీలో కొంత భాగం కోసేశాడు. పాత సామాను బిగించే చోటే ఇప్పుడు లేదు. తన వల్లే కాదు, ఎవరి వల్లా కాదని చెబుతుంటే అతనికే తప్పు చేసినట్టనిపించింది. ఏం తప్పు చేశాడో మాత్రం తెలియలేదు.

ఓవర్సీయరు ముఖం పాలిపోయింది. స్టీరింగును రెండు అరచేతులతో చుట్టూ నిమిరాడు.

"మొన్న ఆసుపత్రి దాకా ఒక్కసారి కూడా ఏడవలేదు నేను," అంది ఆమె మెల్లగా. "అయినా మీకు కష్టమైతే వేరే షెడ్డులో అడుగుదాం. నేను ఓర్చుకుంటాను."

"వద్దు," అన్నాడాయన. "ఉండనీ."

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. చేసినవాటిలోకెల్లా మంచి పని ఇదేనని మెకానిక్ మురిసిపోయాడు ఇన్నాళ్లూ. తీరా చూస్తే దానివల్ల ఇద్దరూ తన ముందే కుమిలిపోతున్నారు, తను చేయగలిగింది ఒక్కటీ లేదు. ఏదో ఒకటి అనాలి కాబట్టి ఆమె వైపుకు వచ్చి సలహా ఇచ్చాడు.

"నాలుగు రోజులు సార్‌ని ఒక్కరినే ఖాళీ మైదానంలో తిప్పుకోనివ్వండమ్మా. మీరు పక్కన లేకపోతే చెయ్యి తొందరగా కుదురుతుంది."

ఆమె అతని ముఖంలోకి చూసింది. ఏదో చెప్పబోయి, భర్త వైపు తిరిగి, మానేసింది.

ఇంజను మొదలైంది. ఆమె పళ్లబిగువున వీపు నిటారుగా పెట్టుకుని ముందుకు చూసింది. బండి గతుకు తెలియనంత మెత్తగా గేటు దాటి, బస్సులూ సైకిళ్లూ బడి వదిలిన పిల్లలూ కిక్కిరిసిన రోడ్డులోకి వెళ్లిపోయింది.

ఓవర్సీయరుకు చూపు పూర్తిగా పోయి పద్నాలుగు నెలలైంది.